పందెపు బల్ల ముందు ప్రార్థన

శరణార్థిగా అమెరికా చేరిన ఒక విశ్వాసి, 225 డాలర్లు చెల్లించి తన ఊరి దగ్గరి పేకాట పోటీలో కూర్చున్నాడు. దైవభక్తి గల మనిషి పందెం కాయవచ్చునా అన్న పాత ప్రశ్నను ఆయన గెలుపు మళ్ళీ లేవదీసింది.

2007వ సంవత్సరం, జూలై నెల. అమెరికాలోని నెవడా ఎడారి నడుమ వెలసిన లాస్‌వేగాస్ నగరంలో, రియో అనే హోటలులో, దీపాల వెలుగు కింద ఒక పేకాట బల్ల. ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ ప్రధాన పోటీలో అది ఆఖరి ఘట్టం. పోటీ ఆరంభంలో తలకు పదివేల డాలర్ల రుసుముతో ప్రవేశించినవారు 6,358 మంది. ఇప్పుడు మిగిలింది ఇద్దరే.

ఒకరు కెనడా పౌరుడైన తువాన్ లామ్. రెండవవారు కాలిఫోర్నియా రాష్ట్రంలోని టెమెక్యులా పట్టణంలో మానసిక చికిత్సా నిపుణుడుగా, సంఘసేవకుడుగా పనిచేస్తున్న జెర్రీ యాంగ్. యాంగ్ ఈ ఆట నేర్చుకుని అప్పటికి సుమారు రెండేళ్ళే అయింది. ఆఖరి బల్లకు చేరిన తొమ్మిదిమందిలో, చేతనున్న బిళ్ళల లెక్కన ఆయనది ఎనిమిదవ స్థానం. అటువంటి మనిషి ఒక్కొక్కరినే ఓడిస్తూ ఇంతదూరం వచ్చాడు.

చూసేవారిని ఆశ్చర్యపరచింది ఆయన గెలుపు మాత్రమే కాదు. పెద్ద పందెం పడినప్పుడల్లా ఆయన దేవుణ్ణి వేడుకొనేవాడు. అది లోలోపల సాగే మౌనజపం కాదు. చుట్టుపక్కలవారికీ, టెలివిజన్ ప్రేక్షకులకూ స్పష్టంగా వినబడే ప్రార్థన.

ఆఖరి ఆటలో యాంగ్ చేతిలో రెండు ఎనిమిదులు. లామ్ చేతిలో డైమండు ఆసు, డైమండు రాణి. లామ్ తన బిళ్ళలన్నీ ముందుకు నెట్టాడు. యాంగ్ ఒప్పుకున్నాడు. బల్లమీద మొదట తిప్పిన మూడు ముక్కల్లో ఒక రాణి వచ్చింది. రాణుల జతతో లామ్ ముందంజ వేశాడు. నాలుగవ ముక్క ఏడు. ఇక తిప్పవలసింది ఒక్క ముక్క. ఆ క్షణాన ఎవరికీ కనబడని ముక్కలు 44. వాటిలో యాంగ్‌ను గెలిపించగలవి ఆరే ఆరు: నాలుగు రంగుల ఆర్లు, మిగిలిన రెండు ఎనిమిదులు. తిప్పిన ముక్క ఆరు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది వరుసగా కుదిరి యాంగ్ జగజ్జేత అయ్యాడు. బహుమతి 82,50,000 డాలర్లు, దానితోపాటు ఒక బంగారు కంకణం.

దేవుడు ఆయన మొర ఆలకించాడా? ఆలకించాడనే అనుకుంటే, ఎదుట కూర్చున్న తువాన్ లామ్ చేసిన పాపమేమిటి? భగవంతునిపై నమ్మకమున్న ఎవరైనా పేకముక్కలు చేతబట్టిన క్షణాన ఎదుర్కొనక తప్పని ప్రశ్న ఇది.

కొండలు దాటి వచ్చిన కుటుంబం

యాంగ్ పుట్టింది లావోస్ దేశపు కొండలలో, మాంగ్ అనే తెగలో. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా గూఢచారి సంస్థ లావోస్‌లో రహస్యంగా నడిపిన పోరాటానికి ఈ తెగవారు సైనికులుగా ఉపయోగపడ్డారు. 1975లో కమ్యూనిస్టులు అధికారానికి రావడంతో వారిపై ప్రతీకారం ప్రారంభమయింది. వేలాది కుటుంబాలు అడవులలో నడిచి, మెకాంగ్ నది దాటి, థాయిలాండ్ శరణార్థి శిబిరాలకు చేరుకున్నాయి. యాంగ్ కుటుంబం వాటిలో ఒకటి. బాల్యంలో కొన్నేళ్ళు శిబిరంలో గడిపిన తర్వాతనే ఆయనకు అమెరికా నేల మీద అడుగుపెట్టే అవకాశం లభించింది. అక్కడ చదువుకుని, సెవెంత్‌డే ఎడ్వెంటిస్టు క్రైస్తవ సంఘం వారు నడిపే లోమాలిండా విశ్వవిద్యాలయంలో ఆరోగ్య మనస్తత్వశాస్త్రంలో పట్టం పొందాడు. పెళ్ళయింది. ఆరుగురు బిడ్డలు కలిగారు.

ఇక్కడ మరొక చిత్రమైన సంగతి చెప్పుకోవాలి. ఆయన ప్రత్యర్థి తువాన్ లామ్ పుట్టింది వియత్నాంలో. ఇరుగుపొరుగు దేశాలలో పుట్టిన ఇద్దరు, స్వదేశాలను విడిచి వేర్వేరు దేశాల పౌరులై, మూడు దశాబ్దాల తర్వాత ఒక బల్లకు ఇరువైపులా కూర్చున్నారు. కష్టాలు పడినవాడికే దేవుడు ఫలమిస్తాడని అనుకునేవారికి ఈ దృశ్యం సులభమైన సమాధానం ఇవ్వదు.

225 డాలర్ల ద్వారం

జెర్రీ యాంగ్ పదివేల డాలర్ల రుసుము జేబులోంచి తీసి కట్టలేదు. టెమెక్యులా పక్కనే పెచాంగా అనే ఆదివాసి తెగవారికి చెందిన నేలమీద వారే నడిపే జూదశాల ఉంది. అక్కడ జరిగిన ఒక స్థానిక పోటీలో 225 డాలర్లు కట్టి ఆడాడు. గెలిచినవారికి బహుమతి నగదు కాదు; లాస్‌వేగాస్ ప్రధాన పోటీలో స్థానం. పెద్ద గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహంతో పోల్చి ఇటువంటి చిన్న పోటీలను ‘సాటిలైట్’ అంటారు. 2003లో టెనెసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్ అనే గణకుడు ఇటువంటి ద్వారం గుండానే ప్రధాన పోటీకి వచ్చి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ సంవత్సరం పాల్గొన్నవారు 839 మంది. మూడేళ్ళు తిరిగేసరికి, 2006లో, ఆ సంఖ్య 8,773కు పెరిగింది.

పోకర్ మన మూడు ముక్కలాటకు దూరపు చుట్టం. నేడు ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు బల్లమీద విడతలుగా తిప్పుతారు. మధ్య మధ్య నాలుగు మార్లు పందేలు సాగుతాయి. ఈ ఏడింటిలో మేలైన అయిదు ముక్కల కూర్పు ఎవరికి కుదిరితే వారిది గెలుపు. లేదా, ఎదుటివారందరూ భయపడి ముక్కలు పడేస్తే చివరకు మిగిలినవారిది గెలుపు.

టోర్నమెంటుకూ మామూలు జూదానికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. మామూలు ఆటలో బల్లమీద పడేది డబ్బే. టోర్నమెంటులో రుసుము ఒక్కసారే కడతారు. దానికి ప్రతిగా ఇచ్చే బిళ్ళలకు బయట నయాపైసా విలువ ఉండదు. అవి అయిపోతే లేచి వెళ్ళడమే. మనిషి పోగొట్టుకోగల మొత్తం ముందే తెలుస్తుంది. అందువల్లనే, జూదశాల గడప తొక్కడానికి సంకోచించే అనేకులు స్థానిక టోర్నమెంటులో కూర్చునేందుకు ఒప్పుకుంటారు. దాన్ని చదరంగపు పోటీకి కట్టే రుసుము వంటిదిగా భావిస్తారు. అయితే కొన్ని పోటీలలో, బిళ్ళలు పోయినవారు మళ్ళీ రుసుము కట్టి కూర్చునే వెసులుబాటు ఉంటుంది. హద్దు చెరిగిపోయే చోటు అదే. మొదటి రుసుము వినోదానికి కడితే, రెండవది పోయినదాన్ని రాబట్టుకోవాలన్న కసితో కట్టేవారే ఎక్కువ.

ఇది నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదం న్యాయస్థానాలకూ కొత్త కాదు. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై నమోదైన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ముక్కలు ఏ క్రమంలో పడ్డాయో గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం అవసరమైన రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అనీ, మూడు ముక్కలాట అటువంటిది కాదనీ 1967లో న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. అయితే న్యాయస్థానం నేరం కాదన్నంత మాత్రాన మనస్సాక్షి తృప్తిపడదు గదా!

మతాలు ఏమంటున్నాయి?

జూదాన్ని గురించి మానవజాతి చేసిన అతి ప్రాచీన హెచ్చరికలలో ఒకటి ఋగ్వేదంలో ఉంది. పదవ మండలంలోని ముప్పైనాలుగవ సూక్తం ఒక జూదరి విలాపం. పాచికల మోజులో భార్యను దూరం చేసుకుని, తల్లిని దుఃఖపెట్టి, అప్పులవాళ్ళకు భయపడి తిరిగే మనిషి చివరకు వ్యవసాయం చేసుకొమ్మన్న హితవు వింటాడు. ధర్మరాజు కథ తెలియని తెలుగువాడు లేడు. సర్వధర్మాలూ తెలిసిన ఆ మహారాజుకు పాచికలాట మాత్రం సరిగా తెలియదు, పిలిస్తే కాదనలేకపోయాడు. రాజ్యం, తమ్ములు, తాను, చివరకు ద్రౌపది. మళ్ళీ రుసుము కట్టి కూర్చునే వెసులుబాటు ఎంతటి ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకంటె పెద్ద దృష్టాంతం వెదకనక్కర లేదు.

అదే భారతంలో మరొక పార్శ్వమూ ఉంది. రాజ్యం పోగొట్టుకున్న నలమహారాజు ఋతుపర్ణుని వద్ద అక్షహృదయమనే విద్య నేర్చి, ఆ విద్యతోనే తన రాజ్యాన్ని తిరిగి పొందాడు. అజ్ఞాతవాసంలో ధర్మరాజు కంకుభట్టుగా విరాటుని కొలువులో జూదపు నేర్పుతోనే కాలం గడిపాడు. దీపావళి రాత్రి జూదమాడే ఆచారం ఉత్తరాదిన నేటికీ ఉంది. పార్వతీపరమేశ్వరులే పాచికలాడారని దానికొక ఐతిహ్యం చెబుతారు. మనుస్మృతి జూదాన్ని రాజ్యం నుంచి తరిమివేయమంటే, కౌటిల్యుడు దానికొక అధ్యక్షుణ్ణి నియమించి, గెలుపులో నూటికి అయిదు వంతులు ప్రభుత్వానికి రాబట్టమన్నాడు. నిషేధించడమా, అదుపులో ఉంచి పన్ను వసూలు చేయడమా అన్న నేటి తర్జనభర్జన అప్పటినుంచీ ఉన్నదే.

బుద్ధభగవానుడు సిగాలుడనే గృహస్థుకు చేసిన ఉపదేశంలో జూదం వల్ల కలిగే ఆరు అనర్థాలను వివరించాడు. వాటిలో మొట్టమొదటిది ఓడినవాడి బాధ కాదు. గెలిచినవాడు ద్వేషాన్ని సంపాదించుకుంటాడన్నది. జైనులు సప్తవ్యసనాలలో జూదాన్ని మొదట లెక్కిస్తారు. ఖురాన్ మద్యంతోపాటు జూదాన్నీ సైతాను పనిగా నిషేధించింది. అది మనుషుల మధ్య శత్రుత్వం రేపి, దైవస్మరణకు, నమాజుకు అడ్డుపడుతుందని కారణం కూడా చెప్పింది. యూదుల ప్రాచీన ధర్మశాస్త్రం పాచికలాడేవాడి సాక్ష్యం చెల్లదన్నది. ఎందుకు చెల్లదో పండితులు రెండు విధాలుగా వివరించారు. ఓడినవాడు మనస్ఫూర్తిగా ఇవ్వని డబ్బు దొంగసొత్తు వంటిదని ఒకరు. జూదమే వృత్తిగా బ్రతికేవాడు లోకానికి ఉపయోగపడే పనేదీ చేయడు గనుక అని మరొకరు. రెండవ వాదం ప్రకారం, వేరే వృత్తి ఉండి అప్పుడప్పుడూ ఆడేవాడికి ఈ దోషం అంటదు.

క్రైస్తవులలోనూ ఏకాభిప్రాయం లేదు. మెథడిస్టు సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ, ధన వినియోగాన్ని గురించిన ప్రసంగంలో, పొరుగువాణ్ణి తనవలె ప్రేమించేవాడు జూదంతో అతని ఆస్తికి నష్టం కలిగించజాలడన్నాడు. కాథలిక్కుల ధర్మోపదేశ గ్రంథం మాత్రం, పందెపు ఆటలు స్వతహాగా అన్యాయమైనవి కావంటుంది. తనకుగాని తనవారికిగాని అవసరమైన సొమ్మును హరించినప్పుడు అవి అధర్మమవుతాయనీ, మోసపు ఆట ఘోరమైన దోషమనీ, ఆ వ్యామోహం మనిషిని బానిసగా చేయగలదనీ హెచ్చరిస్తుంది.

ఇన్ని మతాల మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. పేకముక్కల వల్ల మనిషికి ఏమవుతుంది, అతని పొరుగువానికి ఏమవుతుంది అన్నవే ఎక్కువ మంది ధర్మవేత్తలను బాధించిన ప్రశ్నలు.

దేవుడు ఎవరి పక్షం?

ప్రార్థన మాటకు వద్దాం. పూర్వకాలపు క్రైస్తవులకు చీట్లు వేయడం పరాయిది కాదు. యూదా స్థానంలో మత్తీయను అపొస్తలుడుగా ఎన్నుకున్నది చీట్లు వేసే. చీటి ఎవరి పేర వచ్చినా నిర్ణయం దేవునిదేనన్న నమ్మకం దానికి ఆధారం. అయితే ఇంగ్లండులోని కొందరు ప్యూరిటన్ బోధకులు ఈ నమ్మకం నుంచే పేకాటపై నిషేధాన్ని రాబట్టారు. చీటి దేవుని తీర్పు అయితే, వినోదం కోసం క్షణక్షణం ఆ తీర్పు అడగడం దైవనామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడమే గదా అని వారి వాదం.

దీనికి జవాబు చెప్పినవాడూ మతబోధకుడే. థామస్ గేటకర్ 1619లో చీట్ల స్వభావాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. పాచిక పడడం, ముక్క తిరగడం వర్షం కురవడం వంటి మామూలు సంఘటనలేననీ, ప్రతి ముక్కలోనూ దేవుని ప్రత్యేక సందేశాన్ని వెదకడమే మూఢవిశ్వాసమనీ ఆయన వాదించాడు. కనుక మితంగా ఆడే ఆటలో దోషం లేదన్నాడు. కాని ఆ వాదానికి వెల కూడా ఉంది. ముక్క దేవుని సందేశం కాకపోతే, ఆరు రావాలని ప్రార్థించడంలోనూ అర్థం లేదు.

1654 వేసవిలో ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ మధ్యలో ఆగిపోయిన జూదంలో పందెపు సొమ్మును ఎలా పంచాలన్న సమస్యపై ఫెర్మా అనే గణితవేత్తతో ఉత్తరాలు నడిపాడు. సంభావ్యతాగణితానికి ఆ ఉత్తరాలే పునాది. అదే సంవత్సరం నవంబరు 23వ తేదీ రాత్రి పాస్కల్‌కు గాఢమైన దైవానుభవం కలిగి, ఆయన జీవితమే మారిపోయింది. 44 ముక్కలలో ఆరు అనుకూలమని లెక్కకట్టే మేధస్సూ, దైవం ఎదుట మోకరిల్లే హృదయమూ ఒకే మనిషిలో ఇమడగలవని ఆ ఏడాది నిరూపించింది. కాని అవి ఒకదాని పని మరొకటి చేయజాలవు.

వివేకం గల విశ్వాసులు చాలామంది ఇక్కడే గీత గీస్తారు. ముక్క కోసం ప్రార్థించరు. మనసు నిలకడ కోసం ప్రార్థిస్తారు. గెలిస్తే గర్వం తలకెక్కకుండా, ఓడితే కోపం పెదవి దాటకుండా చూడమని వేడుకుంటారు. పరీక్షకు పోయే విద్యార్థి, రోగిని కోసే వైద్యుడు చేసే ప్రార్థన వంటిదే ఇది. ఇటువంటి ప్రార్థనలో ఎదుటివాని ఓటమిని కోరడమన్నది ఉండదు. అది ఫలించడానికి ఆట గెలవవలసిన అవసరమూ లేదు.

బ్లఫ్ అబద్ధమా?

రమ్మీ ఆడే భక్తునికి ఎదురుకాని చిక్కు ఒకటి పోకర్ ఆడేవానికి ఎదురవుతుంది. చేతిలో ఏమీ లేకపోయినా అంతా ఉన్నట్లు పెద్ద పందెం కాసి ఎదుటివాణ్ణి బెదరగొట్టడం ఈ ఆటకు ప్రాణం. దీన్నే బ్లఫ్ అంటారు. అబద్ధమాడరాదన్న ఆజ్ఞను ఇది మీరినట్లేనా?

కాదనేవారి వాదం ఇది: అబద్ధం అబద్ధమయ్యేది నిజం వినడానికి ఎదుటివానికి హక్కు ఉన్నప్పుడు. బల్ల దగ్గర కూర్చున్న ప్రతివారూ ఒకరినొకరు ఏమార్చుకోవడానికి ముందే సమ్మతించారు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు కుడికి కదిలినట్లు నటించి ఎడమవైపు దూకితే ఎవరూ అబద్ధీకుడనరు. చదరంగంలో ఎర వేస్తే మోసమనరు. ఈ వాదంలో బలముంది. కాని దానికొక హద్దూ ఉంది. పందెంతో ఏమార్చడం ఆటలో భాగం. దొంగచాటుగా ముక్క చూడడం, స్నేహితునితో కుమ్మక్కై మూడవవాణ్ణి దోచడం, ఆట రాని కొత్తవాణ్ణి పొగిడి కూర్చోబెట్టడం ఆటలో భాగాలు కావు. ద్రోణునితో ధర్మరాజు పలికిన మాటలో అక్షరాలా అబద్ధం లేదు. అయినా ఆయన రథం నేలకు దిగిందని కథ. నియమం ప్రకారం తప్పు కానిదానికి కూడా మనసు లెక్క చెప్పవలసి వస్తుంది.

మతాచారానికీ పోటీ నియమాలకూ మధ్య మరికొన్ని చిన్న సంఘర్షణలు వస్తాయి. టోర్నమెంటులో ఆటగాడు లేచి వెళ్ళినా అతని వంతు తప్పనిసరి పందేలు అతని బిళ్ళల్లోంచి కోసివేస్తూనే ఉంటారు. పోటీలేమో ఎక్కువగా వారాంతాలలో జరుగుతాయి. శుక్రవారం పొద్దుగూకినప్పటినుంచి సబ్బాతు పాటించే యూదుడైనా, ఎడ్వెంటిస్టయినా, ఆదివారపు ఆరాధన మానని క్రైస్తవుడైనా ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. బిళ్ళలు కరిగిపోతున్నా వేళకు లేచి వెళ్ళేవాని భక్తి ఎంతటిదో ఎవరూ చెప్పనక్కర లేదు.

దేవాలయానికి లక్ష డాలర్లు

అమెరికాలో కాథలిక్ విచారణలకు ఈ ఆటలు బొత్తిగా అంటరానివి కావు. విరాళాల సేకరణకు అనేక విచారణల భవనాలలో ‘బింగో’ ఆట చిరకాలంగా ఉన్నదే. తరువాత కొన్నిచోట్ల ధర్మార్థం పోకర్ పోటీలు కూడా మొదలయ్యాయి. 2009లో దక్షిణ కరోలినా రాష్ట్రానికి చెందిన ఆండ్రూ ట్రాప్ అనే యువ కాథలిక్ గురువు టెలివిజన్‌లో ప్రసారమైన ఒక పోకర్ పోటీలో లక్ష డాలర్లు గెలిచాడు. ఆ సొమ్ము తమ దేవాలయ నిర్మాణ నిధి కోసమే ఆయన ఆడాడు.

ఇది మంచిదేనా? మెథడిస్టును అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. జూదశాలలో వ్యామోహం నేర్పే ఆటనే దేవాలయంలో పుణ్యం పేరిట నేర్పితే రెండింటికీ భేదమేమిటని అడుగుతాడు. కాథలిక్ గురువు తమ ధర్మోపదేశ గ్రంథాన్నే చూపించి, ఎవరి ఇంట పొయ్యి ఆరిపోనంతవరకు ఇందులో దోషం లేదంటాడు. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరి ఆందోళనా ఒక్కటే: ఆ బల్ల దగ్గర కూర్చున్నవారిలో, పోగొట్టుకోలేని డబ్బుతో వచ్చిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా?

గెలుపు తర్వాత

జెర్రీ యాంగ్ గెలిచిన 82,50,000 డాలర్లు, లెక్క చూస్తే, 825 మంది కట్టిన ప్రవేశ రుసుము. పైనుంచి కురిసిన కనకవర్షం కాదు. ఓడినవారి జేబుల్లోంచి వచ్చిన డబ్బు. ఈ సంగతి యాంగ్ ఎరుగనిది కాదు. గెలిచినదానిలో పదవవంతు ధర్మకార్యాలకు ఇస్తానన్నాడు. తెలుగు క్రైస్తవులకూ సుపరిచితమైన దశమభాగమే అది. తీవ్రవ్యాధిగ్రస్తులైన పిల్లల కోరికలు తీర్చే సంస్థ, ఆకలిగొన్న పిల్లలకు అన్నం పెట్టే సంస్థ, ఆసుపత్రిలో ఉన్న పిల్లల తలిదండ్రులకు వసతి కల్పించే సంస్థ ఆయన ఎంచుకున్నవాటిలో ఉన్నాయి. శరణార్థి శిబిరంలో పెరిగినవాడు పసిబిడ్డలనే ఎంచుకోవడంలో వింత లేదు.

అందరూ ఆయనను మెచ్చుకోలేదు. ముక్కలు కలిసివచ్చాయే గాని నేర్పు లేదని వృత్తి ఆటగాళ్ళలో కొందరు పెదవి విరిచారు. టెలివిజన్ ఎదుట దేవుణ్ణి పిలవడం కొందరికి నచ్చలేదు. వారిలో విశ్వాసులూ ఉన్నారు, అవిశ్వాసులూ ఉన్నారు. ఆయన కాలిఫోర్నియాలోనే ఒక భోజనశాల తెరిచాడు. తనను గెలిపించిన రెండు ఎనిమిదులు గుర్తుండేలా దానికి పేరు పెట్టుకున్నాడు. 2011లో తన జీవితకథను పుస్తకంగా ప్రకటించాడు.

2013లో పత్రికలు మరొక వార్త ప్రచురించాయి. అయిదున్నర లక్షల డాలర్లకు పైబడిన పన్ను బకాయి కింద అమెరికా ఆదాయపు పన్ను శాఖ జెర్రీ యాంగ్ బంగారు కంకణాన్ని స్వాధీనం చేసుకుని వేలానికి ప్రకటించింది. 44 ముక్కలలో ఒకటిగా వచ్చిన ఆరు తెచ్చిపెట్టిన కంకణం, ఆరేళ్ళు తిరిగేసరికి వేలంపాట జాబితాలో ఒక వస్తువయింది.

ఇది దేవుడు వేసిన శిక్ష అనేవారు ఉండవచ్చు. అలా అనడం, ఆరు రావడం దేవుని వరమనడంతో సమానం. రెండింటిలోనూ ఉన్నది ఒకే పొరపాటు: దైవసంకల్పాన్ని డబ్బు రాకపోకలలో చదవాలనుకోవడం.

గడప దాటక ముందు

నేటికీ వారాంతపు సాయంకాలాలలో ఎన్నో ఊళ్ళలో ఇటువంటి స్థానిక పోటీలు జరుగుతున్నాయి. బల్లల చుట్టూ కూర్చున్నవారిలో మెడలో శిలువ ఉన్నవారు, నెత్తిన యూదుల టోపీ ఉన్నవారు, మణికట్టుకు రక్షతాడు ఉన్నవారు కనిపించవచ్చు. ఆడడమే పాపమని తమ మతం విధించిందని నమ్మేవారు అక్కడికి రారు; వారి నిర్ణయం గౌరవించదగినది. వచ్చేవారు తమకు తామే కొన్ని కట్టుబాట్లు విధించుకోవలసి ఉంటుంది.

పోయినా ఇంటివారికి లోటు రాని సొమ్ముతోనే ఆడాలి. అప్పు తెచ్చిన డబ్బుతో కూర్చోరాదు. పోయినదాన్ని రాబట్టుకోవడానికి మళ్ళీ రుసుము కట్టరాదు. ఎంత గెలిస్తే ఎంత ఇవ్వాలో గెలవక ముందే నిశ్చయించుకోవాలి. గెలిచిన తర్వాత మనిషి చేసే లెక్క వేరుగా ఉంటుంది. ఆరాధన వేళ వస్తే బిళ్ళలను విడిచి లేవగలగాలి. వెళ్ళిన చోటు భార్యతో, పిల్లలతో, గుడిలో పక్కన కూర్చునేవారితో దాపరికం లేకుండా చెప్పగలగాలి. వీటిలో ఏ ఒక్కటి చేయలేకపోయినా, ఆ మనిషికి ఈ ఆట తగదు.

ఈ నిర్ణయాలలో ఏదీ ముక్కలు చేతికి వచ్చాక చేయదగినది కాదు. ధర్మరాజు సభలో కూర్చున్న తర్వాత ఆగలేకపోయాడు. ఆగవలసింది పిలుపు వచ్చినప్పుడు, ఇంట్లో ఉండగా. విశ్వాసికి పేకాటలో నిజంగా అక్కరకు వచ్చే ప్రార్థన బల్ల దగ్గర చేసేది కాదు. గడప దాటక ముందు చేసుకునేది.